నీళ్ళు వడకట్టే గురిగి

1958వ సంవత్సరం, జూన్ నెల 17వ తేది, మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మృగశిర కార్తె ప్రవేశించి పది రోజులు గడిచినా చినుకు లేదు. ఆకాశమంతా బూడిదరంగు మబ్బు కమ్మి ఉన్నది. పడమటి గాలి తెరపి లేకుండా వీస్తున్నది. మోత్కూరు నుండి నాలుగు మైళ్ళు సైకిలు మీద వచ్చేసరికి నా తెల్లచొక్కా ఎర్రదుమ్ముతో రంగు మారినది. ఆ వేళకు, రేగులకుంట అనే ఊరిలో, కుమ్మరి సిద్దిరాములును నేను మొదటిసారి చూచినాను.

నేనప్పుడు జిల్లా ఆరోగ్యశాఖలో శానిటరీ ఇన్‌స్పెక్టరును. రేగులకుంటలో నూటపది గడపలు. ఊరికి ఒక బావి ఉన్నది గాని దాని నీళ్ళు ఉప్పన. అందుచేత తాగడానికీ వండడానికీ అందరూ ఊరికి పడమట ఉన్న కుంట నీళ్ళనే తెచ్చుకునేవారు. పశువులు దిగేదీ, బట్టలు ఉతికేదీ ఆ కుంటలోనే. కిందటి వానకాలంలో ఆ ఊరికి గత్తర, అంటే కలరా, వచ్చినది. వాంతులతో, విరేచనాలతో ఒక్క పూటలో మనిషిని పీల్చివేసే ఆ జబ్బు తొమ్మిది రోజులలో పదకొండుమందిని తీసుకొనిపోయినది. ఈ ఏడు వానలు పడకముందే వెళ్ళి కుంటనూ ఇండ్లనూ చూచి రమ్మని నన్ను పంపినారు.

నా సంచిలో మందుపొడితోపాటు మా దవాఖానాలోని నీళ్ళ ఫిల్టరు తాలూకు తెల్లమట్టి గొట్టం ఒకటి ఉన్నది. జానెడు పొడవు, ఒక కొన మూసి ఉంటుంది. దాని మెడ విరిగినది. కొత్తది హైదరాబాదు నుండి రావాలంటే నెలలు పడుతుంది. కుమ్మరి ఎవరైనా అతకగలడేమో అడుగుదామని తెచ్చినాను.

సిద్దిరాములుకు అప్పుడు నలభై అయిదేళ్ళుంటాయి. సన్నని మనిషి, చేతులు పొడుగు. ఇంటిముందు పందిరి కింద ఆరబెట్టిన కుండలను ఒక్కొక్కటే ఎత్తి, చెవి దగ్గర పెట్టుకొని, వేలి కణుపుతో తట్టి, కళ్ళు మూసుకొని వింటున్నాడు. గణగణమన్నది ఒక వరుసలోకి, అననిది గోడవారకు పోతున్నవి. పక్కింటి సాలె నర్సింగమ్మ కుండ కోసం వచ్చి నిలబడి ఉన్నది. నేను గొట్టం బయటికి తీయగానే మొదట మాట్లాడినది ఆమెయే.

“ఏం సారు, మీ దవాఖానల సామాన్లకు గూడ రోగాలొస్తున్నయా?”

సిద్దిరాములు నవ్వలేదు. గొట్టాన్ని చేతిలోకి తీసుకొని విరిగిన అంచును నాలుకకు ఆనించినాడు. మట్టిని నాలుకతో చూడడం వారికి అలవాటు.

“నాలికెను పట్టుకుంటాంది సారు. ఇడిస్తలేదు,” అన్నాడు. తర్వాత తట్టి విన్నాడు. “చప్పుడు మొద్దుగున్నది. కాలిన మన్నే, గని మోగుతలేదు. నా కుండ గిట్ల చప్పుడు జేస్తె అంగడికి తీస్కపోను. ఇజ్జత్ పోతది.”

అది మోగకూడదని చెప్పినాను. దాని గోడనిండా కంటికి కనపడని సన్నని దారులుంటాయనీ, నీరు ఆ దారులలో వంకరలు తిరిగి మెల్లగా అవతలికి చేరుతుందనీ, నీటిలోని జబ్బు పురుగులు ఆ దారులలోనే చిక్కుకొని నిలిచిపోతాయనీ వివరించినాను.

“పురుగులు నాకు కనవడయి. దీనికి ఎట్ల కనవడుతయి?” అన్నాడు.

“దీనికి కనబడనక్కరలేదు. సందు సన్నగా ఉంటే చాలు. జల్లెడలో రాళ్ళు ఆగినట్లు ఆగుతాయి.”

అతడు చాలాసేపు గొట్టాన్ని తిప్పి తిప్పి చూచినాడు. ఇంట్లోనుండి అతని భార్య సైదమ్మ గడపదాకా వచ్చి, తలుపును పట్టుకొని నిలబడినది. ఆమె వెనుక పదమూడేళ్ళ పిల్ల ఒకతె ఉన్నది. సిద్దిరాములు ఆ పిల్లవైపు తల తిప్పి, మళ్ళీ నావైపు తిరిగినాడు.

“సారు, నాకు ముగ్గురు కొడుకులు. ఇద్దరు ఒక్క వానకాలంల పోయిన్రు. మూడోటోడు నిరుడు పోయిండు. గత్తరనే. ఇగ గీ నాగులమ్మ ఒక్కతె ఉన్నది. గీ మన్ను గొట్టం నా బిడ్డకు గత్తర రాకుంట ఆపుతదా? గది చెప్పు.”

నీళ్ళవల్ల వచ్చేదానిని ఆపుతుందని చెప్పినాను. గొట్టాన్ని అతకలేనన్నాడు గాని తిరిగి ఇవ్వలేదు. “నా దగ్గర ఉండనియ్యి. మీ దవాఖానకు అతికేటిది కాదు, దీన్ని సూసి నేను జేసుకునేటిది ఉన్నది,” అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు అతడు పడిన పాటును నేను నెలకొకసారి వెళ్ళి చూచినాను. గొట్టం కుమ్మరి సారె మీద తేలికగా రాదు గనుక అతడు దానిని గురిగి ఆకారంలోకి మార్చుకున్నాడు. గురిగి అంటే మా ప్రాంతంలో చిన్న కుండ. వెడల్పు మూతితో, గుండ్రని అడుగుతో గురిగిని చేసి, నీళ్ళు నిలవచేసే పెద్ద రంజను మూతిలో దిగేటట్లు దానికి అంచు పెట్టినాడు. గురిగిలో పోసిన నీళ్ళు దాని గోడగుండా చెమర్చి రంజనులోకి దిగాలి. రంజను అడుగున రంధ్రానికి కట్టె బిరడా. ఎవరూ చేయి ముంచకుండా.

మట్టిలో వరి ఊకను కలిపి కాలిస్తే ఊక కాలిపోయి, దాని జాగాలో సందులు మిగులుతాయి. ఈ సంగతి నేను చెప్పినాను. ఎంత కలపాలో నాకు తెలియదు. కుండలు కాల్చే ఆవం మొదటిసారి పెట్టినప్పుడు అతడు ఊకను చాలా తక్కువ కలిపినాడు. గురుగులన్నీ గణగణ మోగినవి. ఒక్కదానిలోనుండి కూడా చుక్క దిగలేదు. రెండవసారి ఎక్కువ కలిపినాడు. అవి చేతిలోనే పెళ్ళలు పెళ్ళలుగా విరిగినవి. మూడవ ఆవం పెట్టేముందు ఊక పలుకులన్నీ ఒకే సన్నదనంలో ఉండాలని నర్సింగమ్మ ఇంటినుండి పలుచని నేతగుడ్డ తెచ్చి, దానితో ఊకపొడిని జల్లించినాడు. ఆ ఆవంలోని గురుగులు విరగలేదు, నీళ్ళూ చుక్క చుక్కగా దిగినవి.

అతనికి అన్నిటికంటె కష్టమైన విషయం చప్పుడు. కుమ్మరి చెవికి మోగేది మంచి కుండ, మోగనిది పగులు కుండ. మంచి గురిగి మోగదు. పగిలిన గురిగీ మోగదు. ముప్పై ఏళ్ళుగా తనను ఒక్కసారి కూడా మోసం చేయని చెవి ఇక్కడ పనికిరాకుండా పోయినది. అందుకు నేను ఒక ఉపాయం చెప్పినాను. గురిగిని ఒక పూట నానబెట్టి, తరువాత బోర్లించి, గోలెంలోని నీళ్ళలోకి నిటారుగా అదమాలి. లోపల చిక్కిన గాలికి సన్నని సందులలోనుండి దారి దొరకదు. పగులు ఉంటే మాత్రం అక్కడనుండి బుడగలు వస్తాయి. బుడగ వచ్చిన గురిగిని పగులగొట్టాలి.

1959 మార్చిలో కుంట నీళ్ళనూ గురిగినుండి దిగిన నీళ్ళనూ వేర్వేరు సీసాలలో మంచు పెట్టి హైదరాబాదుకు పరీక్షకు పంపినాను. కుంట నీళ్ళలో లెక్కకు అందనన్ని క్రిములున్నవనీ, గురిగి నీళ్ళలో నూటికి ఒకటి కూడా మిగలలేదనీ జవాబు వచ్చినది. ఆ కాగితాన్ని సిద్దిరాములు నాచేత రెండుసార్లు చదివించుకొని, మూడవసారి నాగులమ్మను పిలిచి ఆమె ముందు చదివించినాడు.

“ఇగ నువ్వు కుంటనీళ్ళు నోట్ల పెడితివంటె కాళ్ళు ఇరగ్గొడత,” అన్నాడు బిడ్డతో.

“నీళ్ళు పడేదాక నోరెండి సస్త బాపు, గప్పుడేం జేస్తవ్?” అన్నది ఆ పిల్ల.

నీళ్ళు మెల్లగా పడడమే ఊరివారి ఫిర్యాదు కూడా. నర్సింగమ్మ మొదటి గురిగిని తీసుకుపోయిన మూడవ రోజే పోట్లాటకు వచ్చినది.

“అన్నా, పొద్దుగాల పోసిన నీళ్ళు పొద్దుగూకేదాక పడుతనే ఉన్నయి. గంతల నా మొగడు చీర సగం నేసిండు.”

“నీ మొగడు జల్ది జల్ది నేస్తె బట్టల సందులు పడయా చెల్లె? గిది గూడ గంతే. జల్ది పడ్డయంటె సందు ఉన్నట్టు. గసుంటిది నాకు తెచ్చియ్యి, ఇంకోటిస్త.”

“మా ఆయన నేతకు వంకలు పెడతవా? ఆ గుడ్డ లేకుంటె నీ ఊక ఎట్ల జల్లెడ పడుతుండె?” అన్నది ఆమె. కోపంగా అన్నది గాని గురిగిని తిరిగి ఇవ్వలేదు.

సిద్దిరాములు ఇల్లిల్లూ తిరిగి అదే మాట చెప్పేవాడు. గురిగి లోపల చేయి పెట్టవద్దు. బూడిదతో తోమవద్దు, పాచి పట్టితే ఈతమట్ట కుంచెతో మెల్లగా రుద్దాలి. నీళ్ళు ఎప్పటికంటె జల్దిగా పడితే ఆ పూటనే తన దగ్గరికి తేవాలి. అమ్మే ప్రతి గురిగినీ గోలెంలో అదిమి, ముఖం నీళ్ళకు ఆనేదాకా వంగి, బుడగ కోసం చూచేవాడు. అంగడికి పోయే పొద్దు దాటిపోయినా ఆ పనిలో తొందరపడేవాడు కాడు. 1961 నాటికి నూటపది గడపలలో నలభై ఆరు ఇండ్లలో అతని గురుగులు ఉన్నవి. ఆ వానకాలం చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో గత్తర తిరిగినది; రేగులకుంటలో ఇద్దరికి వచ్చినది. ఆ ఇద్దరూ గురిగి లేని ఇండ్లవారు. దీనినిబట్టి అంతా గురిగి మహిమే అని నేను వాదించను. అయితే ఊరివారు అట్లాగే అనుకున్నారు. సిద్దిరాములు మొగమాటంగా తల వంచుకునేవాడు. సైదమ్మ మాత్రం బిందె ఎత్తుకొని వీధిలో నడిచినప్పుడు తల కొంచెం ఎత్తే నడిచేది.

1962 వైశాఖంలో నాగులమ్మ పెండ్లి అయినది. అల్లుడు లింగస్వామి కూడా సారె పని తెలిసినవాడే, ఇల్లరికం వచ్చినాడు. “బిడ్డను వేరే ఊరికి పంపితె అక్కడి నీళ్ళు ఎవడు సూస్తడు?” అనేది సిద్దిరాములు చెప్పిన కారణం. మరుసటి ఏడు ఎండాకాలానికి నాగులమ్మ గర్భవతి. ఇంట్లో అందరికంటె ముందు ఆమెకు నీళ్ళు. రంజను బిరడా తీసి చెంబు నిండా పట్టి సైదమ్మ తానే అందించేది.

ఇక్కడ ఒక ఆచారాన్ని చెప్పాలి. కుమ్మరి ఇంట్లో వాడుకునేవి అమ్ముడుపోని కుండలే. మూతి వంకరపోయినదో, ఆవంలో ఒక పక్క నల్లబడినదో, తట్టితే మోగనిదో ఇంటికి మిగులుతుంది. ఆవం తెరిచినప్పుడు మంచిదానిని తనకు పెట్టుకుంటే వచ్చే ఆవం పగులుతుందని వారి నమ్మకం. ఒక్క నమ్మకమే కాదు. కొనేవానికి మంచిది ఇచ్చి వంకరది తాను వాడుకోవడం ఆ పనివానికి పరువు. వంకర కుండలోనూ అన్నం ఉడుకుతుంది గనుక ఆ ఆచారంవల్ల ఏ తరంలోనూ ఎవరికీ నష్టం కలగలేదు.

1963 ఎండాకాలంలో సిద్దిరాములు ఇంటి పాత గురిగి సందులు పూడిపోయి నీళ్ళు దిగడం మానినది. సైదమ్మ గోడవారన ఉన్నవాటిలోనుండి అంచు వంకరపోయినదానిని ఒకటి తీసి రంజనులో పెట్టుకున్నది. అంచు వంకర గనుక అది అంగడికి పోయేది కాదు. అంగడికి పోయేది కాదు గనుక గోలెంలో దానిని అదిమి చూచినవారు లేరు. ఇంటి నీళ్ళు ఆడవారి పని. సిద్దిరాములు చెంబు అందుకొని తాగేవాడే గాని రంజను దగ్గరికి పోయేవాడు కాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను ఆ ఇంటికి వెళ్ళినాను. సిద్దిరాములు మోత్కూరు అంగడికి పోయినాడు. సైదమ్మ నాకు నీళ్ళు ఇస్తూ సంతోషంగా అన్నది:

“ఊళ్ళె అందరియి చుక్క చుక్క పడుతయి సారు. మాది సూడు, జొన్నగట్క ఉడికేలోపల రంజనెడు పడుతయి. బిడ్డకు మస్తు దూప అయితాంది, మంచిగ ఆసరైంది.”

ఆ మాట విన్నాను. నీళ్ళు తాగినాను. సైకిలెక్కి వెళ్ళిపోయినాను. ఆ ఎండాకాలం కుంటలో గత్తర క్రిమి లేదు గనుక ఆ నీళ్ళవల్ల నాకేమీ కాలేదు.

ఆగస్టు 20, మంగళవారం. అంతకు ముందు అయిదు రోజులు వాన. ఊరిలోని మురికి అంతా కుంటలోకి దిగినది. తెల్లవారి నాగులమ్మకు విరేచనాలు మొదలైనవి, పొద్దెక్కేసరికి వాంతులు. సైదమ్మకు కూడా వచ్చినవి గాని తక్కువ. లింగస్వామి బండి కట్టినాడు. మోత్కూరు తోవలో వాగు పొంగి బండి దాటలేకపోయినది. వాగు ఒడ్డున, పగలు మూడు గంటల ప్రాంతంలో, నాగులమ్మ చనిపోయినది. అప్పటికి ఆమెకు ఎనిమిదవ నెల.

నేను గురువారం నాడు, వాగు తగ్గిన తర్వాత, ఆ ఊరికి చేరగలిగినాను. అప్పటికే వీధిలో మాట మారినది. నర్సింగమ్మ తన గడప మీదనుండి లేవకుండానే అన్నది:

“ఏం సారు, గురుగులు జేసినోని ఇంట్లనే గత్తర వడె. ఇగ మా ఇండ్లల్ల ఎందుకవి? అన్న మొకం సూడలేక ఊకున్నం.”

ఊరిలో నాలుగు ఇండ్లలో జబ్బు వచ్చినది. మూడు ఇండ్లలో గురిగి లేదు. నాలుగవది సిద్దిరాములు ఇల్లు. నేను వెళ్ళేసరికి అతడు పందిరి కింద కూర్చొని ఉన్నాడు. లోపల సైదమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నది. బయటికి వినబడేటట్లు ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నది: “కుంటనీళ్ళు నేను ఒక్క చుక్క పొయ్యలే. ఒక్క చుక్క పొయ్యలే నా బిడ్డకు.”

నేను సిద్దిరాములును ఇంటి గురిగి చూపమన్నాను. అతడు నా ముఖంలోకి చూచినాడు. లోపలికి పోయి, రంజనులోనుండి దానిని ఎత్తి తెచ్చినాడు. అది తడిసే ఉన్నది. గోలెం దగ్గర కూర్చొని, బోర్లించి, రెండు చేతులతో నీళ్ళలోకి అదిమినాడు.

మొదట రెండు బుడగలు వచ్చినవి. తర్వాత అంచుకు కిందుగా, వెంట్రుకవాసి గీత వెంబడి, ఒకదాని వెనుక ఒకటి, వరుసగా. అతడు చేతులు తీయలేదు. లోపలి గాలి అంతా పోయి, బుడగలు ఆగిపోయి, నీళ్ళు నిలకడగా అయ్యేదాకా అట్లాగే పట్టుకొని ఉన్నాడు.

“గీతంత,” అన్నాడు. “గోటితోని గీసినంత.”

లోపలినుండి సైదమ్మ గొంతు వినబడినది. “ఏం జేస్తున్నరు? గురిగి సూస్తున్నరా? ఏమన్న ఉన్నదా?”

సిద్దిరాములు గురిగిని ఒడిలోకి తీసుకొని, పైపంచెతో కప్పినాడు.

“ఏం లే,” అన్నాడు గట్టిగా. “మంచిగనే ఉన్నది. నువ్వు పండుకో.”

ఆ జవాబు వీధిలోకి కూడా వినబడినది. నేను అతనిని పెరటివైపు తీసుకుపోయి, మెల్లగా, చేయవలసిన పని ఇది కాదని చెప్పినాను.

“సిద్దిరాములూ, నీ మాట వీధి విన్నది. గురిగి మంచిదైనా గత్తర వచ్చిందని ఊరంతా అనుకుంటుంది. నలభై ఆరు ఇండ్లు. రేపటినుండి ఒక్కొక్కరే గురుగులను అవతల పారేసి కుంటనీళ్ళే తాగుతారు. పగులు ఉన్నదని చెప్పు. పగులును అందరికీ చూపించు. అప్పుడే వారు తమవాటిని నమ్ముతారు.”

“ఎరుకే సారు.”

“ఎరిగి ఎందుకు చెప్పవు?”

“గది రంజన్ల పెట్టింది ఎవరు? జల్ది పడుతున్నయని మురిసి, చెంబు నింపి, బిడ్డకు దగ్గర కూసోబెట్టి తాగిపిచ్చింది ఎవరు?” అతని గొంతు ఎక్కడా పెరగలేదు. “నలుగురు పిల్లలను కన్నది. నలుగురు పోయిన్రు. ఆఖరు బిడ్డను నీ చేతులతోనే సంపుకున్నవని నేను ఎట్ల చెప్పాలె? చెప్తె ఆమె రేపు పొద్దుగాల బాయిల తేలుతది.”

“ఆమెది తప్పు కాదు. పగులు ఆమెకు ఎట్లా తెలుస్తుంది?”

“నాదే తప్పు. కుండ పగిలితె కారి చెప్తది సారు. గిది చెప్పది. ఇంక మంచిగ పడుతది. ఎన్నిండ్లు తిరిగి చెప్పిన! జల్ది పడితె నాకు తేండ్రి, జల్ది పడితె నాకు తేండ్రి అని. నా ఇంట్ల నేను చెప్పలే. నా ఇంట్ల ఎందుకు చెప్పాలె అనుకున్న.”

నేను వాదించినాను. ఊరి ప్రాణాల పేరు చెప్పినాను. అతడు చివరిదాకా విని, వంగి నా పాదాలను తాకబోయినాడు. “ఆమె బతికున్నదాక చెప్పకు సారు. నాకు మాటియ్యి.” నేను మాట ఇచ్చినాను. ఆ సాయంత్రం మా కచేరీకి పంపిన నివేదికలో, సిద్దిరాములు ఇంటి పేరు ఎదుట, కారణం తెలియలేదని రాసినాను. ఇరవై ఆరు ఏళ్ళ ఉద్యోగంలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

అనుకున్నట్లే జరిగినది. ఆ దసరాకు ఊరిలో పన్నెండు గురుగులు మిగిలినవి. కొందరు వాటిలో కోళ్ళకు గింజలు పోసినారు. కొందరు తులసిమొక్క పెట్టుకున్నారు. నర్సింగమ్మ తన గురిగిని తెచ్చి సిద్దిరాములు పందిరి కింద పెట్టి, “ఇది నీది నీకే అన్నా. కోపం పెట్టుకోకు,” అన్నది. అతడు దానిని తీసి గోలెంలో అదిమి చూచినాడు. ఒక్క బుడగ రాలేదు.

“మంచిగున్నది చెల్లె. తీస్కపో. ఇంకో రెండేండ్లు వాడుకోవచ్చు.”

“నీ ఇంట్లది గూడ మంచిగనే ఉన్నదంటివి గదా!” అన్నది ఆమె. అందులో ఎగతాళి లేదు, జాలి ఉన్నది. సిద్దిరాములు గురిగిని తుడిచి పందిరి కింద పక్కకు పెట్టినాడు. ఆమె ఖాళీ చేతులతో ఇంటికి పోయినది.

నేను మా పై అధికారులకు రెండు ఉత్తరాలు రాసినాను. గురుగులను ప్రతి ఇంటా నెలనెలా పరీక్షించడానికి ఒక మనిషిని ఇమ్మని అడిగినాను. అసలు కారణం చెప్పకుండా అడిగిన మాటకు బలం ఎక్కడిది? జవాబు రాలేదు. లింగస్వామికి పని నేర్పి గురుగులు చేయించుమని సిద్దిరాములుతో అన్నాను. “చేస్తడు. మంచిగనే చేస్తడు. కొనేటోడెవ్వడు?” అన్నాడు. ఒకసారి, 1964 ఉగాది ముందు, అతడు తనంతట తానే నా దగ్గరికి మోత్కూరుకు నడిచి వచ్చినాడు. ఊరివారికి నిజం చెప్పివేద్దామా అని అడిగినాడు. నేను చెప్పుమన్నాను. ఒక గంటసేపు బల్లమీద కూర్చొని, “ఇయ్యాల పొద్దున సైదమ్మ తానే అడిగి కొంచెం తిన్నది సారు. ఆర్నెల్లకు,” అని చెప్పి, లేచి వెళ్ళిపోయినాడు. ఊరిలో ఏమీ చెప్పలేదు.

ఆ ఏడు వానకాలానికి ముందే భార్యాభర్తలిద్దరూ రేగులకుంట విడిచి షాద్‌నగర్ వైపు పోయినారు. సిద్దిరాములు ఒక ఇటుక బట్టీలో మట్టి తొక్కే కూలికి కుదిరినాడు. సైదమ్మ ఇటుకలు మోసేది.

తర్వాతి సంగతులు ఇవి.

1965 సెప్టెంబరులో రేగులకుంటకు మళ్ళీ గత్తర వచ్చినది. పదునాలుగు రోజులలో తొమ్మిదిమంది చనిపోయినారు. వారిలో సాలె నర్సింగమ్మ ఒకతె. చనిపోయినవారిలో ఆరుగురి ఇండ్లలో మునుపు గురుగులు ఉండేవి. ఈ వార్త సిద్దిరాములుకు నేను ఉత్తరం ద్వారా తెలియజేసినాను. ఉత్తరం చదివిపెట్టిన బట్టీ మేస్త్రీ, అతడు విని మట్టి తొక్కడానికి తిరిగి పోయినాడని నాకు తర్వాత చెప్పినాడు.

లింగస్వామి 1964లో కొల్లాపూరు వైపు పోయి మళ్ళీ పెండ్లి చేసుకున్నాడు. అక్కడ కుండలే చేస్తున్నాడు, గురుగులు చేయడు.

సిద్దిరాములు 1968 ఫిబ్రవరి 11న, ఆదివారం, బట్టీ దగ్గరి గుడిసెలో, మూడు రోజుల జ్వరం తర్వాత మరణించినాడు. యేబది అయిదేళ్ళు.

సైదమ్మ 1969 అక్టోబరులో షాద్‌నగర్ దవాఖానాలో మరణించినది. తన గురిగి మంచిదేనని ఆమె చివరిదాకా నమ్మినది.

రేగులకుంటలో ప్రభుత్వం 1969 డిసెంబరులో బోరు వేసి చేతిపంపు బిగించినది. నీళ్ళు తియ్యగా పడినవి. ఇప్పుడు కుంటనీళ్ళు ఎవరూ తాగరు.